‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని రాయించేది మనమే, బడికి రమ్మనేదీ మనమే



మన స్కూళ్లలో పిల్లలు ఇంగ్లీషులో నేర్చుకునే మొదటి ఉత్తరం ఏదో మీకు గుర్తుందా? స్నేహితుడికి రాసే ఉత్తరం కాదు, పుట్టినరోజు ఆహ్వానమూ కాదు. లీవ్ లెటర్. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ నాట్ ఏబుల్ టు అటెండ్ ద స్కూల్’. మీలో చాలామంది నేర్చుకున్నారు, నేనూ నేర్చుకున్నాను, ఇప్పుడు మీ పిల్లలకు నేర్పుతున్నాను. నాలుగో తరగతి పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా ఒప్పజెబుతారు.

కిందటేడు ఆగస్టులో ఒక శుక్రవారం ఏడో తరగతిలో ఆ పాఠమే చెబుతున్నాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి తల వాల్చి పడుకుంది. ఎప్పుడూ అలా ఉండే పిల్ల కాదు. దగ్గరికి వెళ్లి నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. డైరీ తీసి చూస్తే వాళ్లమ్మగారు రాసిన చీటీ ఉంది. ‘రాత్రి నుంచి కొంచెం జ్వరం మేడమ్. ఏడింటికి మందు వేశాను. ఇవాళ టెస్ట్ ఉంది కదా అని పంపిస్తున్నాను.’ అప్పుడు టైము పదకొండున్నర. టెస్ట్ పన్నెండింటికి.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ‘కాసేపు ఓర్చుకో తల్లీ, టెస్ట్ రాసేసి వెళ్దువుగాని’ అన్నాను. ఆ పిల్ల తలూపి పెన్ను తీసింది. బోర్డు మీద ఇంకా నా చేతిరాతలో ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని ఉంది.

మరుసటి బుధవారానికి మా క్లాసులో 42 మందిలో 13 మంది రాలేదు. గురువారానికి నాకూ ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. నా పీరియడ్లు తీసుకోవడానికి ఎవరూ లేరని, డోలో 650 వేసుకుని రెండు రోజులు నేనూ బడికి వచ్చాను. ఆ ఆదివారం మా అమ్మకు జ్వరం వచ్చింది. అమ్మకు ఎప్పటినుంచో ఆయాసం ఉంది. రెండో రోజుకే ఊపిరి అందక ఆస్పత్రిలో చేర్పించాం. పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా ఎ అని వచ్చింది. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇప్పుడు బాగానే ఉంది.

అది ఆ పాప నుంచే వచ్చిందని నేననడం లేదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కానీ జ్వరంతో ఉన్న పిల్లను క్లాసులో కూర్చోబెట్టింది నేనే. జ్వరంతో ఉండి క్లాసుకు వచ్చిందీ నేనే. అందుకే ఈ నెల ‘టీచర్స్ కార్నర్’కు ఇంగ్లీషులో రాయమంటే, తెలుగులోనే రాస్తానని అడిగి తీసుకున్నాను. జ్వరం వచ్చిన పిల్లల పక్కన కూర్చునేది చాలా ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలే. వాళ్లు కూడా చదవాలి. ఇందులో వైద్యం గురించిన మాటలు డాక్టర్లందరూ చెప్పేవే. బడి గురించిన మాటలు మాత్రం నా సొంత అభిప్రాయాలు.

‘వైరల్ అంటండీ’ అంటే ఏమిటి?

శ్రావణమాసం వచ్చేసరికి మన దగ్గర ఇంటికొక దగ్గు వినిపిస్తుంది. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువగా వస్తుంది. ఒకటి జనవరి నుంచి మార్చి వరకు, రెండోది వానాకాలంలో మొదలై అక్టోబరు దాకా. మొదటిది వార్షిక పరీక్షల ముందు, రెండోది క్వార్టర్లీ పరీక్షల ముందు. అంటే మనం ‘ఒక్క రోజు కూడా మానకూడదు’ అని పిల్లలకు గట్టిగా చెప్పే రోజుల్లోనే ఫ్లూ కూడా వస్తుంది.

జలుబు వేరు, ఫ్లూ వేరు. జలుబు మెల్లగా వస్తుంది. ముందు గొంతు గరగర, తర్వాత తుమ్ములు, ముక్కు కారడం. పిల్లాడు ముక్కు తుడుచుకుంటూనే ఆడుకుంటాడు. ఫ్లూ ఉన్నట్టుండి వస్తుంది. పొద్దున బాగున్న పిల్ల సాయంత్రానికి చలి, జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గుతో మంచం ఎక్కుతుంది. చిన్న పిల్లల్లో వాంతులు, విరేచనాలు కూడా కావచ్చు. జ్వరం సాధారణంగా మూడు, నాలుగు రోజుల్లో తగ్గుతుంది. దగ్గు, నీరసం మాత్రం రెండు మూడు వారాలు ఉండొచ్చు.

ఇది కలిగించేది ఇన్‌ఫ్లుయెంజా వైరస్. ఏటా మనల్ని ఇబ్బంది పెట్టేవి ఇందులో ఎ, బి రకాలు. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అని పేపర్లో చదువుతాం కదా, అవి ఎ రకంలోవే. 2009లో ‘స్వైన్ ఫ్లూ’ అని అందరం భయపడిన హెచ్1ఎన్1 మొదటి కేసు మన దేశంలో బయటపడింది హైదరాబాద్‌లోనే, ఆ ఏడాది మే నెలలో. అప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. ఇప్పుడు అదే రకం ఏటా వచ్చే మామూలు ఫ్లూలో కలిసిపోయింది.

మామూలు ఫ్లూ అన్నాను కదా అని తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 100 కోట్ల మందికి ఫ్లూ వస్తుంది. అందులో 30 లక్షల నుంచి 50 లక్షల మందికి తీవ్రమవుతుంది. 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది శ్వాస సంబంధమైన సమస్యలతో చనిపోతున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఏడో తరగతి పిల్ల వారంలో లేచి తిరుగుతుంది. కానీ అదే ఇంట్లో ఐదేళ్ల లోపు తమ్ముడు, గర్భిణి అయిన పిన్ని, షుగర్ ఉన్న తాతయ్య, ఆస్తమా ఉన్న అమ్మమ్మ ఉంటారు. వాళ్లకు అంత తేలిగ్గా పోదు.

ఆ ఒక్క రోజే ఎందుకంత ముఖ్యం?

వైరస్ ఒంట్లోకి వెళ్లిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, ఎక్కువగా రెండు రోజుల్లో లక్షణాలు కనిపిస్తాయి. లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటుకోవడం మొదలవుతుంది. అంటుకునే బలం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది జబ్బు మొదలైన మొదటి మూడు, నాలుగు రోజుల్లో. పిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు ఉండొచ్చు.

అంటే ‘ఇవాళే కదా మొదలైంది, కొంచెం జ్వరమే కదా’ అని మనం పంపించే రోజే అందరికీ ఎక్కువగా అంటుకునే రోజు. పాపం తల్లిదండ్రులకు ఇది తెలియక కాదు. పారాసిటమాల్ వేస్తే జ్వరం తగ్గుతుంది, పిల్ల లేచి కూర్చుంటుంది, తగ్గిపోయిందనిపిస్తుంది. కానీ ఆ మందు తగ్గించేది ఒంటి వేడిని, నొప్పిని మాత్రమే. వైరస్‌ను అది ఏమీ చేయదు. దాని పని నాలుగు నుంచి ఆరు గంటలు. ఏడింటికి వేస్తే పదకొండు గంటల తర్వాత జ్వరం మళ్లీ పైకి రావచ్చు. ఆ శుక్రవారం నా క్లాసులో జరిగింది సరిగ్గా అదే.

ఇక మన పిల్లలు వచ్చే దారి చూడండి. ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టుగా వస్తారు. వాన పడుతోందని పట్టాలు దించేస్తారు. క్లాసులో ఏసీ కోసం కిటికీలు మూసేస్తాం. ఒకే వాటర్ బాటిల్ నలుగురు ఎత్తి తాగుతారు. ఒకరు దగ్గితే వచ్చే తుంపర పక్కవాళ్లకు అందడానికి ఇంతకన్నా వీలైన చోటు ఇంకోటి ఉండదు. డెస్కు, డోర్ హ్యాండిల్ లాంటి గట్టి వస్తువుల మీద ఈ వైరస్ ఒకటి రెండు రోజులు బతికి ఉండగలదు.

ఇంట్లో ఏం చేయాలి?

మన పెద్దవాళ్లు సరదాగా అంటుంటారు, జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులని. చాలామంది ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఫ్లూ కూడా అంతే. విశ్రాంతి, నీళ్లు, తిండి, ఓపిక. ఇవే అసలు వైద్యం.

లంఖణం పరమౌషధం అనే మాట మాత్రం ఇక్కడ పనికిరాదు. జ్వరంలో పిల్లల ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్, మిరియాల చారుతో మెత్తటి అన్నం, ఇడ్లీ, ఏది తాగితే అది, ఏది తింటే అది కొంచెం కొంచెంగా ఇవ్వండి. దగ్గుకు ఏడాది నిండిన పిల్లలకు చెంచాడు తేనె ఇవ్వొచ్చు, ఏడాది లోపు పిల్లలకు తేనె అస్సలు వద్దు. దుప్పట్లు కప్పి చెమట పట్టించకండి. పల్చటి బట్టలు వేయండి. వేడినీళ్ల గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టేటప్పుడు పిల్లలు ఒళ్లు కాల్చుకుంటున్నారు. చిన్న పిల్లలకు ఆ పని వద్దు.

పారాసిటమాల్ డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలి. రోజుకు నాలుగు సార్లకు మించకూడదు. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది సిరప్ దగ్గర. 5 ఎం.ఎల్.లో 120 లేక 125 మిల్లీగ్రాములు ఉండే సీసాలు ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి. ‘ఒక మూత’ అని గుర్తుపెట్టుకుంటే సీసా మారినప్పుడు డోసు రెట్టింపు కావచ్చు, సగమూ కావచ్చు. సీసా మీద ఎంతుందో చదివి, పిల్ల బరువు చెప్పి, ఎన్ని ఎం.ఎల్. వేయాలో డాక్టర్‌ను అడిగి ఫ్రిజ్ మీద రాసి అంటించండి. పెద్దవాళ్ల 650 బిళ్లను విరిచి అందాజాగా వేయకండి.

ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. ఫ్లూ ఉన్నప్పుడు ఇస్తే రేస్ సిండ్రోమ్ అనే అరుదైన, కానీ ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మనకు వానాకాలంలో డెంగీ కూడా ఉంటుంది. డెంగీ కాదని తేలేదాకా ఐబూప్రొఫెన్ కూడా వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. దగ్గు, జలుబు లేకుండా ఎక్కువ జ్వరం, కళ్ల వెనక నొప్పి, కడుపు నొప్పి, ఒంటి మీద దద్దురు ఉంటే అది ఫ్లూ అనుకుని ఊరుకోకండి. రక్తపరీక్ష చేయించండి.

దగ్గు సిరప్‌ల విషయంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా అవసరం లేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే ముందు ఈ మాట గుర్తు చేసుకోండి.

ఇక యాంటీబయాటిక్. ఇది నేను పేరెంట్ మీటింగుల్లో ఎక్కువగా వినే మాట. ‘మూడు రోజులకు అజిత్రోమైసిన్ వేశామండీ, తగ్గిపోయింది’ అంటారు. మూడో రోజుకు ఎటూ తగ్గే జ్వరమది. యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియా మీద పనిచేస్తాయి, వైరస్ మీద కాదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 కేసులు పెరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఇదే విషయం మీద డాక్టర్లకే ప్రకటన ఇచ్చింది, ఇలాంటి జ్వరాలకు యాంటీబయాటిక్‌లు రాయవద్దని. అవసరం లేకుండా వాడుతూ పోతే రేపు నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు. ఫ్లూ తర్వాత న్యుమోనియా లాంటిది వస్తే అప్పుడు డాక్టర్ రాస్తారు. అది ఆయన నిర్ణయం, షాపులో కుర్రాడిది కాదు.

ఫ్లూ వైరస్ మీద పనిచేసే మందు ఉంది, ఒసెల్టామివిర్. జబ్బు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ ఉపయోగం. అందరికీ అవసరం లేదు. చిన్న పిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు, ఆస్తమా, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, జబ్బు తీవ్రమైనవాళ్లకు డాక్టర్లు ఇస్తారు. అందుకే అలాంటివాళ్లకు జ్వరం వస్తే ‘రెండు రోజులు చూద్దాం’ అనుకోకండి. మా అమ్మ విషయంలో మేం చేసిన తప్పు అదే.

ఇవి కనిపిస్తే ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్లండి:

• వేగంగా లేదా కష్టంగా ఊపిరి తీయడం, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల దగ్గర లోపలికి పోవడం
• పెదవులు, ముఖం నీలంగా మారడం
• ఏమీ తాగకపోవడం, ఎనిమిది గంటలుగా ఒంటికి పోయకపోవడం
• మత్తుగా పడి ఉండటం, పిలిస్తే సరిగా పలకకపోవడం, ఫిట్స్
• జ్వరం, దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎక్కువ కావడం
• మూడు నెలల లోపు బిడ్డకు ఏ కాస్త జ్వరమైనా

టీకా గురించి ఒక మాట

‘ఫ్లూకి టీకా ఉందా మేడమ్?’ అని అడిగేవాళ్లే ఎక్కువ. ఉంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల పట్టికలో లేదు కాబట్టి చాలామందికి తెలియదు. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల దాకా పిల్లలందరికీ ఏటా వేయించమని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఆ తర్వాత ఆస్తమా లాంటి సమస్యలున్న పిల్లలకు కొనసాగించమంటోంది. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి అయితే నెల తేడాతో రెండు డోసులు.

ఏటా ఎందుకంటే వైరస్ మారుతూ ఉంటుంది. దాన్ని బట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. టీకా వేసుకుంటే ఫ్లూ అసలు రాదని కాదు. రకాలు బాగా కుదిరిన ఏడాదిలో డాక్టరు దగ్గరకు పరుగెత్తాల్సిన అవసరం 40 నుంచి 60 శాతం తగ్గుతుంది, వచ్చినా తీవ్రత తగ్గుతుంది. ‘టీకా వేయిస్తే జ్వరం వచ్చింది’ అంటారు కొందరు. ఇంజెక్షన్‌గా ఇచ్చే టీకాలో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి దాని వల్ల ఫ్లూ రాదు. ఒకరోజు చెయ్యి నొప్పి, కాస్త వెచ్చబడటం ఉండొచ్చు. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలు ముదరక ముందే మీ పిల్లల డాక్టర్‌తో మాట్లాడటం మంచిది. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా అడగండి. మా అమ్మకు ఈ ఏడాది మే నెలలోనే వేయించాం.

అసలు సమస్య మందులు కాదు, మార్కులు

ఇప్పటిదాకా చెప్పింది చాలామందికి కొంతైనా తెలిసిందే. తెలిసి కూడా జ్వరమున్న పిల్లను ఎందుకు పంపుతున్నాం? ఆ పాప వాళ్లమ్మగారిని తర్వాత కలిసినప్పుడు ఆవిడ చెప్పిన మాట ఇది. ‘టెస్ట్ పోతే ర్యాంకు పోతుంది మేడమ్. అటెండెన్స్ సర్టిఫికెట్ కోసం పాప ఏడుస్తోంది. నేను పంపకపోతే నన్ను తిట్టుకుంటుంది.’ ఆవిడను ఏమనగలను? ఆ సర్టిఫికెట్‌ను స్టేజీ మీద నవ్వుతూ ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ‘డోంట్ మిస్ ద టెస్ట్’ అని డైరీలో ఎర్ర ఇంకుతో రాసింది నేనే.

వందశాతం హాజరు బహుమతిని పెట్టింది మంచి ఉద్దేశంతోనే. పెళ్లిళ్లకు, ఊళ్లకు బడి ఎగ్గొట్టకూడదని. కానీ అది బద్ధకించిన పిల్లనూ, జ్వరం వచ్చిన పిల్లనూ ఒకే గాటన కడుతోంది. ఏడాదంతా జబ్బు పడకపోవడం పిల్లల గొప్పతనం కాదు, అదృష్టం. జబ్బు పడి కూడా రావడం క్రమశిక్షణ కాదు.

ఒక్కసారి లెక్క వేద్దాం, మన పిల్లలకు లెక్కలు బాగా వచ్చు కదా. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. ఫ్లూకి ఐదు రోజులు మానితే పోయేది రెండు శాతం పైచిలుకు. సీబీఎస్ఈ పది, పన్నెండు తరగతుల పరీక్షలకు అడిగేది కూడా 75 శాతం హాజరే, వైద్య కారణాలుంటే అందులోనూ వెసులుబాటు ఇస్తుంది. ఐదు రోజుల వల్ల ఎవరి భవిష్యత్తూ పాడవదు. మా క్లాసులో ఆ వారం 13 మంది మానారు. ఒక్క పిల్ల రెండు రోజులు ముందే ఇంట్లో ఉండి ఉంటే అందులో ఎంతమంది టెస్ట్ రాసేవారో!

చదువు విషయంలో మనకన్నా తక్కువ పట్టుదల ఉన్న దేశం కాదు జపాన్. అక్కడ బడి పిల్లలకు ఫ్లూ వస్తే, మొదలైన తర్వాత ఐదు రోజులు గడిచి, జ్వరం తగ్గి రెండు రోజులయ్యేదాకా బడికి రాకూడదని నిబంధన ఉంది. ఆ రోజుల్ని గైర్హాజరుగా లెక్కించరు. ఒక క్లాసులో ఎక్కువమందికి వస్తే ఆ క్లాసును కొద్ది రోజులు మూసేస్తారు. అమెరికాలో ఉంటున్న మా అక్క వాళ్ల పిల్లల స్కూల్లో కూడా, జ్వరం మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే రమ్మంటారు. సూత్రం ఒక్కటే. జ్వరమున్న పిల్ల ఇంట్లో ఉండటం తప్పు కాదు, బాధ్యత.

‘మీరు చెప్పింది బాగానే ఉంది మేడమ్, ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, ఇంట్లో ఎవరు చూస్తారు?’ అనేవాళ్లు ఉన్నారు. ఇది నిజమైన కష్టం, దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. షాపులో పనిచేసే అమ్మకు ఒకరోజు సెలవంటే ఒకరోజు జీతం. నేను అడిగేది ఒక్కటే. జ్వరం వచ్చిన రోజు పొద్దున ఆలోచించకుండా, ఇప్పుడే, పిల్లలు బాగున్నప్పుడే ఆలోచించి పెట్టుకోండి. ఏ రోజు అమ్మ, ఏ రోజు నాన్న సెలవు పెడతారు? పక్క ఫ్లాట్ పిన్నిగారు రెండు గంటలు చూడగలరా? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అప్పగించండి, ఆయాసం ఉన్న నాయనమ్మకు కాదు. నాన్నలకు ప్రత్యేకంగా ఒక మాట. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ పర్మిషన్ పెట్టి వచ్చేది అమ్మే. ఈసారి మీరు రండి.

మనం ఏం మార్చుకోవచ్చు?

మీకు చెప్పి నేను తప్పించుకుంటే సరిపోదు. స్కూలు వైపు నుంచి కూడా కొన్ని మారాలని మా ప్రిన్సిపల్ మేడమ్‌కు రాసిచ్చాను. ఇక్కడా రాస్తున్నాను, మీ మద్దతు కోసం.

ఒకటి, వందశాతం హాజరు సర్టిఫికెట్ ఆపేయాలి. లేదా డాక్టర్ చీటీ గానీ, తల్లిదండ్రుల ఉత్తరం గానీ ఉన్న జబ్బు రోజుల్ని గైర్హాజరుగా లెక్కించకూడదు.

రెండు, జ్వరం వల్ల టెస్ట్ పోయిన పిల్లలకు వారంలోపు మళ్లీ టెస్ట్ పెట్టాలి. మార్కులు కోయకూడదు. ఇంకో పేపర్ తయారు చేయడం మాకు అదనపు పనే. నా సబ్జెక్టు వరకు ఆ పని చేయడానికి నేను సిద్ధం.

మూడు, క్లాసులో జ్వరం కనిపిస్తే ముందు ఇంటికి ఫోన్, తర్వాతే మిగతావి. టెస్ట్ రాసి వెళ్లమనే మాట ఇక నా నోట రాదు.

నాలుగు, ఏసీ ఉన్నా సరే ప్రతి పీరియడ్ మధ్యలో కిటికీలు తెరవాలి. బాత్రూముల్లో సబ్బు ఎప్పుడూ ఉండాలి. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం, మోచేయి అడ్డం పెట్టుకుని దగ్గడం, ఎవరి బాటిల్ వాళ్లే తాగడం మేం నేర్పుతాం. ఇంట్లో మీరు గుర్తు చేయండి.

ఐదు, టీచర్లకూ ఇదే వర్తించాలి. జ్వరంతో ఉన్న టీచర్ క్లాసుకు రాకుండా, ఆ పీరియడ్ ఎవరు తీసుకుంటారో ముందే రాసిపెట్టుకోవాలి.

మీ వైపు నుంచి నేను కోరేది కూడా ఐదు మాటల్లోనే. జ్వరముంటే పంపకండి. మందు వేసి పంపకండి. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపండి. కాస్త దగ్గు మిగిలి ఉంటే మాస్క్ పెట్టి పంపండి. పొద్దున క్లాస్ వాట్సాప్ గ్రూపులో ‘జ్వరం, ఇవాళ రాదు’ అని ఒక్క ముక్క పెట్టండి, నోట్స్ సాయంత్రానికి పంపే పూచీ మాది.

మొన్న ఈ ఏడాది ఏడో తరగతికి మళ్లీ లీవ్ లెటర్ పాఠం వచ్చింది. ఫార్మాట్ అంతా అయ్యాక వెనక బెంచీలోంచి ఒక బాబు లేచి అడిగాడు. ‘మిస్, ఇది పరీక్షకేనా, నిజంగా జ్వరమొస్తే కూడా ఇవ్వొచ్చా?’ క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ వాడు సరదాకి అడగలేదు. ‘నిజంగా వస్తేనే ఇవ్వాలి నాన్నా’ అన్నాను. ‘స్పెల్లింగ్ తప్పున్నా తీసుకుంటాను.’

ఆ మాట మీ అందరికీ కూడా ఇస్తున్నాను. ఈ వానాకాలం మీ పిల్లలకు జ్వరం వస్తే ఆ లెటర్ పంపండి, పిల్లను పంపకండి.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్